గూడ్సు ఇంజన్ల జ్ఞాపకం: లింగంపల్లి – పటాన్‌చెరు ప్రాంతం

ఆవిరి ఇంజన్లను, వాటి తరువాత వచ్చిన తొలితరం డీజిల్ ఇంజన్లను తలచుకొని మురిసిపోయేవారు మీ ఇళ్ళలోనే ఉండవచ్చు. లింగంపల్లి, రామచంద్రాపురం, శంకర్‌పల్లి వైపు పెరిగిన పెద్దవారిని కదిలించి చూడండి. రైలు గేటు దగ్గర సైకిలు ఆపి గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టిన సంగతి చెబుతారు. లెక్క తప్పితే తమ్ముడితో పోట్లాడిన సంగతీ చెబుతారు. చరిత్ర విద్యార్థులు ఇటువంటి మాటలను సాధారణంగా పక్కన పెడతారు. ఈ పాఠంలో మాత్రం మనం వాటినే ఆధారంగా తీసుకుందాం. అవి ఏం చెబుతున్నాయో, ఏం చెప్పకుండా వదిలేస్తున్నాయో పరిశీలిద్దాం.

రైలింజన్లను చూడటం బ్రిటన్‌లో ఒక పేరున్న అభిరుచి. అక్కడ సదరన్ రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన ఇయన్ అలెన్ అనే యువకుడు 1942లో ఇంజన్ల నంబర్లతో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. పిల్లలు దాన్ని చేతబట్టుకొని ప్లాట్‌ఫారాల మీద నిలబడి, చూసిన ప్రతి ఇంజన్ నంబరు కింద గీత గీసేవారు. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల్లో ఆవిరి ఇంజన్లు ఆగిపోయాక ఆ అభిరుచికి బెంగ కూడా తోడైంది. మన దగ్గర దీనికి పేరూ లేదు, పుస్తకమూ లేదు. స్టేషన్లలో ఫొటో తీయాలంటే అప్పట్లో అనుమతి కావలసి వచ్చేది. అందువల్ల మనవారి జ్ఞాపకాల్లో నంబర్లు తక్కువ, చప్పుడు, పొగ, ఎదురుచూపు ఎక్కువ. ఈ తేడాను గుర్తుంచుకోండి. బ్రిటన్ చరిత్రకారుడికి నోటుపుస్తకం దొరుకుతుంది, మీకు మనిషి నోటిమాట దొరుకుతుంది.

ముందుగా ఈ మార్గం సంగతి. వాడి – సికింద్రాబాద్ రైలుమార్గం 1874 అక్టోబరులో ప్రారంభమైంది. అప్పటి దివాను మొదటి సాలార్‌జంగ్. హైదరాబాద్ నగరాన్ని, సికింద్రాబాద్ కంటోన్మెంటును బొంబాయి – మద్రాసు ప్రధాన మార్గానికి కలపడం దీని ఉద్దేశం. అందుకే అది వాడి నుంచి తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా రాజధానికి చేరుకుంది. ఉత్తరాన ఉన్న సంగారెడ్డి దాని దారిలో లేదు. 1883లో ఈ మార్గం ఒక లండన్ కంపెనీ చేతికి పోయింది. పెట్టుబడి మీద 20 ఏళ్ళపాటు నూటికి 5 వంతున రాబడికి నిజాం ప్రభుత్వం పూచీ పడింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే పేరులో ‘గ్యారంటీడ్’ అన్న మాట వచ్చింది ఈ పూచీ వల్లనే. రైలు నష్టపోయినా వాటాదారు నష్టపోడు, ఆ భారం ఖజానా మీద పడుతుంది. చాందా రైల్వే పథకంగా పేరుబడిన ఆ ఏర్పాటును వ్యతిరేకించినందుకే సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయను 1883లో నగరం నుంచి పంపించివేశారు. పాత రైలు మీద బెంగపడేవారి మాటల్లో ఈ పూచీ ఎక్కడా వినిపించదు.

ఇల్లెందు బొగ్గు దొరకడంతో ఈ రైల్వేకు సొంత ఇంధనం సమకూరింది. సింగరేణి గనుల్లో వాణిజ్య ఉత్పత్తి 1889లో మొదలైంది. లాలాగూడ వర్క్‌షాపు 1893లో వెలిసింది. ఈ రైల్వేను 1930లో ప్రభుత్వం కంపెనీ నుంచి తిరిగి తీసుకుంది. 1951లో అది సెంట్రల్ రైల్వేలోను, 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలోను భాగమైంది.

ఇప్పుడు ఇంజన్ల విషయానికి వద్దాం. పెద్దవారు ‘నల్ల ఇంజన్’ అంటే అది చాలావరకు డబ్ల్యూజీ తరగతి ఇంజన్ అయి ఉంటుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, జీ అంటే గూడ్సు. 1950 నుంచి 1970 వరకు వీటిని 2,450 తయారుచేశారు. చిత్తరంజన్ కర్మాగారంలో తయారైన మొదటి ఇంజన్ ఈ తరగతిదే. 1970లో బయటికి వచ్చిన చివరి దానికి ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టారు. తరువాతి తరంవారు చెప్పే డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2. ఇక్కడ ఎం అంటే మిక్స్‌డ్, అంటే గూడ్సుకూ ప్యాసింజరుకూ పనికివచ్చేది. కనుక ఎవరైనా ‘అది గూడ్సు ఇంజన్’ అని గట్టిగా చెప్పినా, అదే ఇంజన్ మరునాడు ఎక్స్‌ప్రెస్ లాగి ఉండవచ్చు. జ్ఞాపకాన్ని ఇలా ఒక అక్షరంతో సరిచూడవచ్చు.

డబ్ల్యూడీఎం-2 అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ నమూనా. 1962లో మొదటివి దిగుమతి అయ్యాయి. 1964 నుంచి వారణాసిలో తయారీ మొదలైంది. ఆల్కో 1969లో ఇంజన్ల తయారీ మానుకున్నా దాని నమూనా మాత్రం మన పట్టాల మీద దశాబ్దాలపాటు బతికింది. దాని గురించి అడిగితే అందరూ నల్లటి పొగనే గుర్తుచేసుకుంటారు. ఆ పొగకు కారణం ఉంది. డ్రైవరు నాచ్ పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ వెంటనే చేరుతుంది. గాలిని అందించే టర్బో మాత్రం వేగం పుంజుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఆ మధ్యలో సగం కాలిన ఇంధనమే పొగగా వచ్చేది. చూసేవారికి అది దర్జా. ఇంజన్ మాత్రం అప్పుడు గాలి చాలక అవస్థ పడుతూ ఉండేది.

బండి శబ్దం జ్ఞాపకాన్ని కూడా ఇలాగే చదవాలి. అప్పటి పట్టాలు 13 మీటర్ల ముక్కలు. ప్రతి అతుకు దగ్గర చక్రం తాళం వేసేది. నాలుగు చక్రాల చిన్న డబ్బాలు ఉన్నన్నాళ్ళు ఆ తాళం ఒక తీరుగా ఉండేది. పట్టాలను వెల్డింగు చేసి పొడవుగా కలిపాక, పెద్ద బోగీ వాగన్లు వచ్చాక ఆ చప్పుడు మారిపోయింది.

గేటు దగ్గర నుంచి కాక ఇంజన్ మీద నుంచి చూస్తే ఇదంతా వేరుగా కనిపిస్తుంది. ఆవిరి ఇంజన్‌లో ఫైర్‌మన్ పారతో బొగ్గు ఎత్తిపోస్తూనే ఉండాలి. ముందు నిప్పు, వెనుక గాలి. గూడ్సు బండి కావడం వల్ల ప్యాసింజరు బండ్లకు దారి ఇస్తూ గంటల తరబడి లూప్‌లైన్లో నిలబడాలి. పిల్లలకు డబ్బాలు లెక్కపెట్టే అవకాశం ఇచ్చిన ఆ నిలుపుదలే ఇంజన్ సిబ్బంది డ్యూటీని పొడిగించేది. ఈ పాఠంలో మీరు ఒక్క సంగతే గుర్తుంచుకోదలిస్తే దీనిని గుర్తుంచుకోండి. 1973లో రన్నింగ్ సిబ్బంది సమ్మెకు దిగినప్పుడు డ్యూటీ గంటలే ముఖ్యమైన కోరిక. ఆ ఆగస్టులో రైల్వే మంత్రి ఎల్.ఎన్.మిశ్రా 10 గంటల పరిమితికి ఒప్పుకున్నారు. తరువాతి ఏడాది మే 8న మొదలైన దేశవ్యాప్త రైల్వే సమ్మె 20 రోజులు సాగింది. వేలమంది ఉద్యోగాలు కోల్పోయారు. ఆ ఫైర్‌మన్లలో ఒకరిని ‘ఆవిరి ఇంజన్ పోయినందుకు బాధగా ఉందా’ అని అడిగితే వచ్చే జవాబు గేటు దగ్గరి జవాబు కాదు. దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి శకం 1995 డిసెంబరులో ముగిసింది.

పారిశ్రామిక వాడ వైపు చూద్దాం. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం 1960లలో చెకోస్లోవేకియా సహకారంతో ఏర్పడింది. టర్బైన్లు, జనరేటర్ల వంటి భారీ యంత్రాలు దాని ఉత్పత్తులు. ఆ తరువాతి దశాబ్దాల్లో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు మందులు, రసాయనాల పరిశ్రమలు విస్తరించాయి. వాటి సరుకు పీపాల్లో, బస్తాల్లో, చిన్న మొత్తాల్లో వెళుతుంది. సరిగ్గా ఆ కాలంలోనే, 1980లలో, రైల్వే ఒకటి రెండు వాగన్ల సరుకును తగ్గించుకొని మొత్తం బండిని ఒకే సరుకుతో నింపే పద్ధతికి మారింది. బొగ్గుకు, సిమెంటుకు అది లాభం. పది పీపాలు పంపాలనుకునే పటాన్‌చెరు కర్మాగారానికి మిగిలింది లారీ. అందుకే తాండూరు, వాడి వైపు సిమెంటు బండ్లు లింగంపల్లి మీదుగా పోతూనే ఉన్నా, పారిశ్రామిక వాడ జీవితమంతా బొంబాయి రోడ్డు మీద సాగింది. ఒకప్పుడు అది 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. జిల్లా కేంద్రమైన సంగారెడ్డికి నేటికీ రైలు స్టేషన్ లేదు. జిల్లా పడమటి కొసన జహీరాబాద్‌కు మాత్రం వికారాబాద్ – బీదర్ మార్గం మీద స్టేషన్ ఉంది. తెల్లాపూర్ – రామచంద్రాపురం ముక్క ఎంఎంటీఎస్ రెండో దశలో చేరింది. ఇక్కడివారి రైలు జ్ఞాపకంలో కొంత భాగం తమ ఊరికి రాని రైలు గురించిన జ్ఞాపకమే అని నా అభిప్రాయం.

గేటు గురించి కూడా ఒక మాట. 2014 జూలై 24న, అప్పటి ఉమ్మడి మెదక్ జిల్లాలోని మాసాయిపేట దగ్గర కాపలా లేని క్రాసింగులో నాందేడ్ – సికింద్రాబాద్ ప్యాసింజరు ఒక స్కూలు బస్సును ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. బ్రాడ్‌గేజి మీద కాపలా లేని క్రాసింగులన్నిటినీ తొలగించింది 2019 జనవరి నాటికి. గేటు దగ్గర ఆగి బండి చూసిన పిల్లవాడి వెనుక గేటువేసిన మనిషి ఉన్నాడు. అతని పేరు ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు. గూడ్సు చివరి డబ్బాలో పచ్చజెండాతో కనిపించే గార్డుకు 2022లో ‘ట్రైన్ మేనేజర్’ అని పేరు మార్చారు. పిల్లలు చెయ్యూపింది మాత్రం గార్డుకే.

మీరు ఈ పాఠానికి అసైన్‌మెంట్ రాయదలిస్తే ఇద్దరిని కలవండి: బండి చూసిన వారిని ఒకరిని, బండి నడిపిన లేదా గేటు కాచిన వారిని మరొకరిని. ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడగండి. బండి ఎంతసేపు ఆగేది? ఎందుకు ఆగేది? డబ్బాల్లో ఏముండేది? ఆ సమయంలో మీరు ఏం తిన్నారు, ఎక్కడ తిన్నారు? జవాబులను రెండు వరుసల్లో పక్కపక్కనే రాయండి. రెండూ కలవని చోట గీత గీయండి. అక్కడి నుంచి మీ వ్యాసం మొదలుపెట్టండి.