సెల్లు మూగబోయిన రాత్రి

2020 అక్టోబరులో హైదరాబాదు వరదల్లో మునిగిన రాత్రి మా కేతేపల్లికి ఫోన్ కలవలేదు. మూసీ ప్రాజెక్టు గేట్లెత్తారని టీవీలో స్క్రోలింగు. అమ్మానాన్నల గొంతు వినేసరికి తెల్లారింది. వాళ్ళకేం కాలేదు, కరెంటు పోయి టవరు పడుకుందంతే. ఆఫీసులో సర్వర్లకి బ్యాకప్పు ఏదని రోజూ తగువులాడే నాకు, ఇంటికి మాత్రం బ్యాకప్పు లేదని అప్పుడే తెలిసొచ్చింది.

అలా హామ్ రేడియో చరిత్ర తవ్వడం మొదలుపెట్టా. మన హైదరాబాదులోనే 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పుట్టింది. ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు (వీయూ2ఆర్‌బీఐ) 2004 డిసెంబరులో చిన్న బృందంతో అండమాన్ వెళ్ళారు. వెళ్ళింది హాబీ కోసమే. ఆ దీవుల నుంచి హామ్ సిగ్నల్ దొరకడం అరుదు కనుక ప్రపంచంలోని హామ్‌లంతా చెవులు రిక్కించి కూర్చున్నారు. 26న సునామీ. ఆవిడ హాబీ పక్కనబెట్టి, అదే సెట్టుతో పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమసమాచారాలు చేరవేశారు. తర్వాత కార్ నికోబార్‌లోనూ హామ్ స్టేషన్ వెలిసింది.

అంత దూరం వెళ్ళేది షార్ట్‌వేవ్. చేతిలో పట్టే వీహెచ్ఎఫ్ సెట్టు అలా కాదు, గుట్ట అడ్డమొస్తే ఆగిపోతుంది. అందుకే రిపీటరు. ఎత్తు మీద కూర్చుని ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో పలుకుతుంది. రెండు మీటర్ల బ్యాండులో ఆ తేడా సాధారణంగా 600 కిలోహెర్ట్జ్.

ఇంకా ఎత్తు కావాలంటే? 2005 మే 5న ఇస్రో శ్రీహరికోట నుంచి 42.5 కిలోల హామ్‌శాట్‌ని పంపింది. హామ్‌ల మాటల్ని ఆకాశం నుంచి తిరిగి వినిపించే పెట్టె అది. బ్యాటరీ దెబ్బతిని 2014 జులైలో మూగబోయింది. అదే ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విశాఖలో సెల్లుల్నీ మూగబోయేలా చేసింది.

నాకర్థమైందేంటంటే, రిపీటరూ ఒక సర్వరే. దాని బ్యాటరీ పోతే అదీ గోవిందా. 2004లో పనిచేసింది పెట్టె ఒక్కటే కాదు, ముందునుంచీ చెయ్యి తిరిగిన మనిషి. వరదొచ్చాక నేర్చుకుందామంటే కుదరదు. లైసెన్సుకి పరీక్ష రాయాలి, రోజూ మాట్లాడి అలవాటు పడాలి.

పుస్తకం తెచ్చుకున్నా. ఓమ్స్ లా దగ్గరున్నా. మీలో ఎవరికైనా ఊళ్ళో అమ్మానాన్నలుంటే, మీరూ ఓసారి ఆలోచించండి.