మాజీ సైనికుల ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స సమాచార కోడింగ్

అమెరికాలో మాజీ సైనికుల వైద్యం చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖను వాడుకలో వీఏ అంటారు. దాని ఆసుపత్రుల్లో జరిగే పెద్ద ఆపరేషన్ల వివరాలను దేశమంతటా ఒకే నిర్వచనాల ప్రకారం నమోదు చేస్తారు. ఆ నమోదును ఆధారం చేసుకుని ఏ ఆసుపత్రి ఎలా పనిచేస్తోందో బేరీజు వేస్తారు. ఆపరేషన్ బల్ల ఎక్కకముందు రోగి పరిస్థితి ఏమిటి, బల్ల మీద ఏం జరిగింది, తర్వాతి 30 రోజుల్లో ఏమైంది అన్న మూడు ప్రశ్నలకు దొరికిన జవాబులను అంకెలుగా, గుర్తులుగా మార్చడమే ఇక్కడ కోడింగ్. ఈ ఏర్పాటు మొదట జాతీయ శస్త్రచికిత్స నాణ్యతాభివృద్ధి కార్యక్రమం, అంటే ఎన్‌ఎస్‌క్విప్ అనే పేరుతో నడిచింది. తర్వాత గుండె ఆపరేషన్ల విభాగం కూడా కలిసి వీఏస్‌క్విప్ అయింది.

పుట్టుక

1980ల్లో వీఏ ఆసుపత్రుల్లో ఆపరేషన్ తర్వాతి మరణాలు ఎక్కువన్న విమర్శలు గట్టిగా వినిపించాయి. మా రోగులు వయసు మీరినవాళ్లు, ఒక్కొక్కరికి నాలుగైదు జబ్బులుంటాయి, బయటి ఆసుపత్రులతో మమ్మల్ని పోల్చడం న్యాయం కాదని అక్కడి వైద్యుల వాదన. 1985 డిసెంబరులో అమెరికన్ కాంగ్రెస్ 99-166 నంబరు చట్టం చేసింది. రోగుల జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకుని తమ ఫలితాలను జాతీయ సగటుతో పోల్చి చూపాలని అది వీఏను ఆదేశించింది. ఆదేశం బాగానే ఉంది కానీ అప్పటికి జాతీయ సగటు అన్నదే లేదు, తీవ్రతను లెక్కగట్టే సూత్రమూ లేదు.

ఆ లోటు తీర్చడానికి బోస్టన్‌లోని వెస్ట్ రాక్స్‌బరీ వీఏ ఆసుపత్రి గుండె శస్త్రవైద్యుడు షుక్రి ఖూరి, వైద్యురాలు జెన్నిఫర్ డేలీ, గణాంకవేత్త విలియం హెండర్సన్ పూనుకున్నారు. 1991 అక్టోబరు నుంచి 1993 డిసెంబరు దాకా 44 వీఏ ఆసుపత్రుల్లో అధ్యయనం నడిచింది. 1,17,000కు పైగా పెద్ద ఆపరేషన్ల వివరాలు పోగయ్యాయి. 1994లో ఈ పద్ధతిని శస్త్రచికిత్స జరిగే వీఏ ఆసుపత్రులన్నిటికీ విస్తరించారు. ప్రతి రోగి ఫలితాన్నీ చివరిదాకా వెంబడించి చూడాలని అదే బోస్టన్‌లో శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ ఆమరీ కాడ్‌మన్ 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే పోరాడాడు. ఆనాడు తోటి వైద్యులు ఆయన మాటను చెవిన పెట్టలేదు.

నర్సు చేతిలోని పని

ఈ వ్యవస్థకు పునాది అధ్యయనకర్తల సూత్రాల్లో కన్నా ఒక నర్సు బల్ల మీద ఎక్కువగా ఉంది. ప్రతి ఆసుపత్రిలో సమీక్ష కోసమే శిక్షణ పొందిన నర్సు ఉంటారు. ఆపరేషన్ చేసిన డాక్టరు తన ఫలితాన్ని తానే నమోదు చేసుకోరు, ఆ బాధ్యత నర్సుదే. కేస్ షీట్, మత్తుమందు రికార్డు, ల్యాబ్ రిపోర్టులు, నర్సింగ్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ చదివి, అవసరమైతే డాక్టరును అడిగి, ఒక్కో అంశాన్నీ నింపుతారు. వీఏ కంప్యూటర్ రికార్డు వ్యవస్థ విస్టాలో ఇందుకోసం ప్రత్యేక విభాగం ఉంది. ల్యాబ్ అంకెలు చాలావరకు దానంతటదే తెచ్చిపెడుతుంది. తక్కినదంతా మనిషి చదివి తేల్చాల్సిందే.

30 రోజుల గడువు పెట్టడం వల్ల పని బరువెక్కింది, విలువా పెరిగింది. రోగి ఐదో రోజున ఇంటికి వెళ్లిపోయి పన్నెండో రోజున కుట్ల దగ్గర చీము పడితే ఆసుపత్రి రికార్డులో ఆ సంగతి ఉండకపోవచ్చు. అందుకే నర్సు ఔట్‌పేషెంట్ నోట్సు వెతుకుతారు, ఉత్తరం రాస్తారు, ఫోన్ చేసి కనుక్కుంటారు. డిశ్చార్జితోనే లెక్క ముగిస్తే రోగులను తొందరగా ఇంటికి పంపే ఆసుపత్రి మంచిదిగా కనిపిస్తుంది.

పెద్ద ఆసుపత్రుల్లో అన్ని ఆపరేషన్లనూ చూడటం ఒక్కరివల్ల కాదు. అందువల్ల ఎనిమిది రోజులను ఒక ఆవృత్తిగా తీసుకుని, అందులో అర్హమైన మొదటి 36 కేసులను కోడ్ చేసే పద్ధతి పెట్టారు. ఏడు కాకుండా ఎనిమిది రోజులు తీసుకోవడంలో ఒక కిటుకుంది. ఆవృత్తి మొదలయ్యే రోజు వారంలో ప్రతిసారీ ఒక రోజు ముందుకు జరుగుతుంది, దాంతో వారంలో ఏ రోజుకూ అదనపు ప్రాధాన్యం దక్కదు. గజ్జల్లో హెర్నియా, మూత్రమార్గం గుండా చేసే ప్రోస్టేట్ ఆపరేషన్ లాంటి తరచూ జరిగేవి ఒక్కోటి ఐదుకు మించకూడదు. లేకపోతే తక్కువ ప్రమాదమున్న కేసులతోనే జాబితా నిండిపోతుంది.

నిర్వచనాలు

కోడింగ్‌లో అసలు కష్టం హద్దులు గీయడం దగ్గరే వస్తుంది. బరువు తగ్గాడని కేస్ షీట్‌లో ఉంటే చాలదు, ఆరు నెలల్లో పదో వంతుకు మించి తగ్గి ఉండాలి. ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ మీద 48 గంటలు దాటితేనే దాన్ని జటిలతగా రాస్తారు. ఆపరేషన్ గాయానికి ఇన్ఫెక్షన్ సోకితే చర్మం కిందనా, లోతు కండరాల్లోనా, లోపలి అవయవం దగ్గరా అని మూడుగా విడదీస్తారు. రోగి తన పనులు తానే చేసుకోగలడా, కొంత సాయం కావాలా, పూర్తిగా ఇతరుల మీద ఆధారపడ్డాడా అన్నది మరో అంశం. చూడటానికి మామూలు ప్రశ్నే అయినా మరణ ప్రమాదాన్ని అంచనా వేయడంలో ఇది ఖరీదైన పరీక్షలకు తీసిపోదు.

జరిగిన ఆపరేషన్‌కు సీపీటీ సంకేతం, జబ్బుకు ఐసీడీ సంకేతం ఎలాగూ ఉంటాయి, వాటితోనే సరిపెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. ఆ సంకేతాలు ప్రధానంగా బిల్లులకు, పాలనా లెక్కలకు పనికొస్తాయి. 2002లో వెలువడిన ఒక వీఏ అధ్యయనం నర్సులు నమోదు చేసిన వివరాలను ఐసీడీ సంకేతాలతో పక్కపక్కన పెట్టి చూసింది. చాలా అంశాల్లో రెండింటికీ పొంతన కుదరలేదు. మధుమేహం ముందునుంచీ ఉన్నదే కాబట్టి సంకేతంతో చిక్కులేదు. న్యుమోనియా మాత్రం రోగి వెంట తెచ్చుకున్నదా, ఆపరేషన్ తర్వాత వచ్చినదా అన్నది వట్టి సంకేతం చెప్పలేదు. నాణ్యత సమీక్షకు కావలసింది సరిగ్గా ఆ తేడాయే.

ప్రమాదాన్ని బట్టి సర్దుబాటు

వివరాలన్నీ చేరాక గణాంక సూత్రంతో ఒక్కో రోగికి మరణ, జటిలతల ప్రమాదాన్ని అంచనా వేస్తారు. ఆసుపత్రిలో నిజంగా సంభవించిన మరణాలను ఇలా ఊహించిన మరణాలతో భాగిస్తే వచ్చేదే ఓ/ఈ నిష్పత్తి. అది ఒకటి దాటితే, ఆ తేడా గణాంకపరంగా యాదృచ్ఛికం కాదని తేలితే, ఆసుపత్రి తన పనిని పరిశీలించుకోవాలి. తొలి అధ్యయనంలో ఈ సర్దుబాటు చేశాక 93 శాతం ఆసుపత్రుల స్థానాలు మారిపోయాయి. నాలుగో వంతు పదికి పైగా మెట్లు ఎక్కాయి, లేదా దిగాయి. వీఏ వైద్యుల వాదనలో పస ఉందని అక్కడే రుజువైంది.

ప్రమాదాన్ని ముందే చెప్పేవాటిలో రక్తంలోని ఆల్బుమిన్ ముందు వరుసలో నిలిచింది. అది లీటరుకు 46 గ్రాములకు పైనున్నవారిలో మరణాలు ఒక శాతం లోపే. 21 గ్రాముల కన్నా తగ్గినవారిలో 29 శాతం. ఇంత చవకైన పరీక్షను చాలామందికి ఆపరేషన్ ముందు చేయించడం లేదన్న సంగతీ ఈ కోడింగ్ వల్లే తెలిసింది.

కోడింగ్‌లో పక్షపాతానికీ చోటుంది. రోగి జబ్బులను ఎక్కువ చేసి రాస్తే ఊహించిన మరణాలు పెరిగి నిష్పత్తి తగ్గుతుంది. అందుకే ఒకే కేస్ షీట్‌ను ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి పోల్చిచూసే తనిఖీలు పెట్టారు. వార్షిక నివేదికలో ఇతర ఆసుపత్రుల పేర్లు కనిపించవు, ప్రతిదానికీ ఒక గుర్తు మాత్రమే ఉంటుంది. ఈ సమాచారానికి చట్టపరమైన గోప్యత ఉంది. బయటపడితే డాక్టర్లు ప్రమాదకరమైన కేసులు తీసుకోవడం మానేస్తారన్న భయం అందుకు ఒక కారణం. రోగికి తెలుసుకునే హక్కు లేదా అన్న ఎదురు ప్రశ్న కూడా బలమైనదే.

ఫలితాలు, విస్తరణ

కార్యక్రమం మొదలైన తొలి దశాబ్దంలో వీఏలో పెద్ద ఆపరేషన్ల తర్వాత 30 రోజుల మరణాలు 27 శాతం, జటిలతలు 45 శాతం తగ్గాయి. అదే కాలంలో మత్తుమందు పద్ధతులు, చిన్న కోతల ఆపరేషన్లు కూడా మెరుగుపడ్డాయి కాబట్టి ఘనత మొత్తం కోడింగ్‌కే కట్టబెట్టలేం. 1999లో ఎమరీ, మిషిగన్, కెంటకీ విశ్వవిద్యాలయాల ఆసుపత్రులు దీన్ని ప్రయోగాత్మకంగా చేపట్టాయి. 2004 నుంచి అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ద్వారా ప్రైవేటు ఆసుపత్రులకూ అందుబాటులోకి వచ్చింది.

2005లో ఖూరి బృందం ఎనిమిది రకాల ఆపరేషన్లు చేయించుకున్న లక్షమందికి పైగా రోగుల రికార్డులను పరిశీలించింది. 30 రోజుల్లోపు జటిలత వచ్చినవారి మధ్యగత ఆయుర్దాయం 69 శాతం తగ్గిందనీ, ముందునుంచీ ఉన్న జబ్బులను లెక్కలోకి తీసుకున్నా ఈ ప్రభావం నిలిచిందనీ తేలింది. అయితే రోగి మళ్లీ నడిచాడా, నొప్పి తగ్గిందా, తన పనిలోకి తిరిగి వెళ్లాడా అన్నవి ఆ తొలి నమోదు పత్రంలో కోడ్ చేసిన ఫలితాల్లో లేవు.