గ్రంథాలయ వెబ్‌సైట్లలో అల్మారా నమూనా

ఇది పాఠకుడు ముందే ఎరిగిన వస్తువును తెరమీద చూపి, గ్రంథాలయ వెబ్‌సైట్‌ను సులువుగా వాడుకునేలా చేసే రూపకల్పన పద్ధతి. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్‌లో ఆఫీసు ఫైళ్లు, ఫోల్డర్లు బొమ్మలుగా తెరమీద కనిపించాయి. పుస్తకాలనగానే ఎవరికైనా తట్టేది అల్మారానే. ఆపిల్ ఈ-పుస్తకాల యాప్ ఐబుక్స్ 2010లో కొయ్య అరలతో వచ్చింది. 2013లో కొయ్య పోయింది, పుస్తకాల అట్టల వరుస మిగిలింది. పనికొచ్చింది ఆ వరుసే మరి. ఏకంగా ఇంటి గదులనే చూపిన మైక్రోసాఫ్ట్ బాబ్ (1995) మాత్రం నిలవలేదు.

తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణలను ఈ-పుస్తకాల సైటులో ఉచితంగా అందిస్తోంది. ఇలాంటి సైటుకు అల్మారాకు బదులు తిరుమలలోనే ఒక నమూనా ఉంది: తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం. తాళ్లపాక కవుల పాటలు చెక్కిన రాగిరేకులు అక్కడే భద్రంగా ఉండేవి. ఆ భాండాగారం తెరమీద చూడముచ్చటగానే ఉంటుంది గానీ, ఆ గది దాచడానికి కట్టినది, వెతకడానికి కాదు. రేకు బొమ్మ నొక్కితే కీర్తన తెరుచుకునేలా చేయవచ్చు. పల్లవితోనో రాగంతోనో వెతికే పెట్టె మాత్రం పైనే, విడిగా కనిపించాలి.