ముడతల ఇంజెక్షన్లు (బొటులినం టాక్సిన్)

క్లాస్ట్రీడియం బొటులినం అనే బాక్టీరియా విషాన్ని శుద్ధి చేసి, అతి తక్కువ మోతాదులో వాడే మందులివి. నరం చివర అసిటైల్‌కోలిన్ విడుదలను ఆపి కండరాన్ని సడలిస్తాయి. అందువల్ల ముఖం చిట్లించినప్పుడు పడే ముడతలు తగ్గుతాయి. ముఖం కదలకున్నా కనిపించే లోతైన గీతలకు ఫిల్లర్ల (చర్మం కింద నింపే పదార్థాల) వంటి వేరే చికిత్స అవసరం కావచ్చు.

చరిత్ర: అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 1989లో మెల్లకన్నుకు, కనురెప్పల బిగింపుకు ఈ టాక్సిన్‌ను అనుమతించింది. కనుబొమల మధ్య ముడతలకు 2002లో బొటాక్స్, 2009లో డిస్‌పోర్ట్, 2011లో జియోమిన్ బ్రాండ్లను ఆమోదించింది.

ఎంపిక: ఒక బ్రాండు యూనిట్‌ మరో బ్రాండు యూనిట్‌తో సమానం కాదు. కనుబొమల మధ్య ఐదు చోట్ల బొటాక్స్ నాలుగేసి యూనిట్లు, మొత్తం 20 ఇస్తారు. డిస్‌పోర్ట్ అయితే పదేసి, మొత్తం 50. కాబట్టి యూనిట్ ధరను బట్టి చౌకదనాన్ని తేల్చలేం. ఆవుపాల ప్రొటీన్ పడనివారికి డిస్‌పోర్ట్ ఇవ్వరు. జియోమిన్‌లో టాక్సిన్‌తో జతగా ఉండే అదనపు ప్రొటీన్లు ఉండవు. ఫలితం సాధారణంగా మూడు నాలుగు నెలలు నిలుస్తుంది.

జాగ్రత్తలు: తలనొప్పి, కమిలిన మచ్చలు, తాత్కాలికంగా రెప్ప వాలడం సంభవించవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సాధారణంగా వాయిదా వేసుకోవాలి. మయస్థీనియా గ్రేవిస్ వంటి నరాల, కండరాల జబ్బులుంటే ముందే చెప్పాలి. పెద్దాపురం వాసులు బ్యూటీపార్లర్లకు వెళ్లక, కాకినాడ, రాజమహేంద్రవరం వంటి దగ్గరి నగరాల్లోని చర్మవైద్య నిపుణులను సంప్రదించడం మేలు. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.