కావోర్: ఒక మధ్యయుగ నదీతీర పట్టణాన్ని చదవడం ఎలా?

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒక మధ్యయుగ ఐరోపా పట్టణం ఎదుగుదలకు నది, వర్తకం, మతాధికారం ఎలా తోడ్పడ్డాయో వివరించగలుగుతారు.
• కట్టడాన్ని, ఐతిహ్యాన్ని, ఆహారాన్ని చారిత్రక ఆధారాలుగా ఎలా పరిశీలించాలో తెలుసుకుంటారు.
• సరుకు నాణ్యత ఒక్కటే మార్కెట్‌ను ఎందుకు నిర్ణయించదో చర్చించగలుగుతారు.

1. పరిచయం

మీలో చాలామందికి ఫ్రాన్స్ వెళ్ళే అవకాశం ఇంకా రాకపోయి ఉండవచ్చు. అయినా ఒక పట్టణంలో నాతోపాటు కొంతసేపు నడవండి. దాని పేరు కావోర్. నైరుతి ఫ్రాన్స్‌లో లోత్ నది ఒడ్డున ఉంది. పర్యాటకులు అక్కడికి ముఖ్యంగా మూడింటి కోసం వెళతారు: బురుజులున్న పాత వంతెన, ముదురు రంగు వైన్, నల్ల ట్రఫుల్స్ అనే పుట్టగొడుగుల వంటి భూగర్భ శిలీంధ్రాలు. వీటన్నిటినీ 'ప్రాచీన సంప్రదాయం' అనే ఒకే మాటతో పరిచయం చేయడం అక్కడ పరిపాటి. చరిత్ర విద్యార్థి ఆ మాట దగ్గర ఆగాలి. ఏది ఎంత పాతది? దానివల్ల ఎవరు లాభపడ్డారు? ఎవరు నష్టపోయారు? ఈ ప్రశ్నలతో నడక మొదలుపెడదాం.

2. నది వంపులోని పట్టణం

ముందుగా పటం చూడండి. లోత్ నది ఇక్కడ గుర్రపు నాడా ఆకారంలో వంపు తిరుగుతుంది. పట్టణానికి మూడు వైపులా నీరే. నాలుగోవైపైన ఉత్తరాన గోడ కట్టుకుంటే రక్షణ పూర్తవుతుంది. రోమన్ల కాలంలో దీని పేరు దివోనా. అది ఇక్కడి ఒక నీటి ఊటకు సంబంధించిన పేరు. ఆ ఊట నేటికీ పట్టణానికి తాగునీరు ఇస్తోంది.

నది రక్షణతో పాటు దారి కూడా ఇచ్చింది. లోత్ నది గారోన్ నదిలో కలుస్తుంది. గారోన్ బోర్డో మీదుగా సముద్రం చేరుతుంది. అందువల్ల కావోర్‌లో పడవ ఎక్కిన పీపా ఇంగ్లండు వరకు వెళ్ళగలదు. అయితే ఆ దారి తలుపు బోర్డో చేతిలో ఉంది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. మళ్ళీ దీనికే వస్తాం.

పట్టణం నడుమ రెండు పెద్ద గుమ్మటాలతో సెంట్ ఎతియేన్ కథెడ్రల్ కనిపిస్తుంది. మధ్యయుగంలో ఇక్కడి బిషప్ మతగురువు మాత్రమే కాదు, పట్టణానికి ప్రభువు కూడా. వర్తకులు తమ ప్రతినిధులుగా కాన్సుల్స్‌ను ఎన్నుకుని, పన్నులు, న్యాయాధికారం వంటి విషయాల్లో బిషప్‌తో పోటీపడ్డారు. మధ్యయుగ పట్టణ చరిత్రలో ఈ ఘర్షణ మీకు తరచుగా ఎదురవుతుంది.

3. డబ్బు, అపకీర్తి

13వ శతాబ్దంలో కావోర్ వర్తకులు ఇంగ్లండు వరకు వెళ్ళి అప్పులిచ్చారు. క్రమంగా వారి ఊరి పేరే వడ్డీ వ్యాపారికి మారుపేరైంది. డాంటే తన 'ఇన్ఫెర్నో' 11వ సర్గలో వడ్డీ పాపాన్ని సూచించడానికి కావోర్ పేరునే వాడాడు.

దీనిని ఎలా అర్థం చేసుకోవాలి? చర్చి వడ్డీని పాపంగా పరిగణించింది. 1179 నాటి మూడవ లాటరన్ మహాసభ, బాహాటంగా వడ్డీ వ్యాపారం చేసేవారికి క్రైస్తవ ఖననాన్ని కూడా నిరాకరించింది. అయినా రాజులకు యుద్ధాల కోసం, మతాధికారులకు తమ ఖర్చుల కోసం అప్పు అవసరమైంది. తీసుకునేవారికి లేని నింద ఇచ్చేవారికి అంటుకుంది. అదే ఊరివాడైన జాక్ దుయేజ్ 1316లో 22వ జాన్ పేరుతో పోప్ అయ్యాడు. ఆవిన్యోన్ నుంచి పాలించిన ఆయన 1332లో తన స్వస్థలంలో విశ్వవిద్యాలయం స్థాపించాడు. 1751లో అది తులూజ్ విశ్వవిద్యాలయంలో విలీనమైంది.

4. వాలాంత్రే వంతెన: ఆధారం, ఐతిహ్యం

ఇప్పుడు పడమటి వైపు వెళదాం. మూడు ఎత్తైన బురుజులతో నిలిచిన ఈ వంతెన నిర్మాణం 1308లో మొదలై, పూర్తికావడానికి సుమారు ఏడు దశాబ్దాలు పట్టింది. ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో చూడండి. 1337లో నూరేళ్ళ యుద్ధం మొదలైంది. 1348లో ప్లేగు ఫ్రాన్స్‌ను కుదిపేసింది. 1360 నాటి బ్రెతిన్యీ ఒప్పందం ఈ ప్రాంతాన్ని ఇంగ్లండు రాజుకు అప్పగించింది.

జనం మాత్రం మరో కథ చెబుతారు. పని సాగక మేస్త్రీ సైతానుతో ఒప్పందం చేసుకున్నాడట. చివరికి జల్లెడతో నీళ్ళు తెమ్మని సైతానును ఓడించాడట. కోపగించిన సైతాను నడిమి బురుజు మూలరాయిని ప్రతి రాత్రీ ఊడదీసేవాడట. ఆ మూలన ఇప్పుడు ఒక చిన్న సైతాను బొమ్మ కూడా కనిపిస్తుంది. కానీ అది మధ్యయుగానిది కాదు! 1879లో మరమ్మతులు చేయించిన వాస్తుశిల్పి పాల్ గూ దానిని అక్కడ పెట్టించాడు.

ఈ ఐతిహ్యాన్ని మనం పారవేయనక్కరలేదు. అది 1308 గురించి సాక్ష్యం కాదు. కట్టడం ఆలస్యాన్ని తరువాతి తరాలు ఎలా గుర్తుంచుకున్నాయో చెప్పే సాక్ష్యం. బొమ్మ మాత్రం 19వ శతాబ్దం మధ్యయుగాన్ని ఎలా ఊహించుకుందో చెబుతుంది.

మరొక సంగతి. ఇంత కష్టపడి కట్టిన ఈ కోట వంతెన మీద ఎవరూ దాడి చేయలేదు. 1580లో నవార్ రాజు హెన్రీ (తరువాత ఫ్రాన్స్ రాజు నాల్గవ హెన్రీ) పట్టణాన్ని పట్టుకున్నప్పుడు మరో వంతెన వైపు నుంచి వచ్చాడు.

5. వైన్: నది ఎవరిది?

ఇక అసలు ప్రశ్న. కావోర్ వైన్ మంచిదైతే మధ్యయుగ మార్కెట్లో బోర్డో ఎందుకు ముందుకు వెళ్ళింది?

1152లో అక్విటేన్ డచెస్ ఎలియనోర్ హెన్రీ ప్లాంటాజెనెట్‌ను వివాహం చేసుకుంది. 1154లో అతడు ఇంగ్లండు రాజయ్యాడు. ఆ విధంగా బోర్డో ఇంగ్లండు రాజుల రేవు అయింది. ఆ రేవు పౌరులు రాజుల నుంచి ప్రత్యేక హక్కులు సంపాదించుకున్నారు. ఎగువ ప్రాంతాల వైన్ నవంబరు 11న వచ్చే సెంట్ మార్టిన్ పండుగ తరువాతనే బోర్డోకు రావాలి. తరువాతి కాలంలో ఈ గడువు క్రిస్మస్ వరకు సాగింది.

ఇది చిన్న నిబంధనగా కనిపించవచ్చు. కానీ ఆనాటి వైన్ పీపాలలో ఏడాది దాటితే చెడిపోయేది. కొత్త వైన్‌కే మంచి ధర. ఓడలు శరదృతువులోనే బయలుదేరేవి. అంటే కావోర్ రైతు పీపా రేవు చేరేసరికి ఓడలూ వెళ్ళిపోయేవి, మంచి ధరా పోయేది. నేల, ఎండ, శ్రమ ఏవీ ఈ నష్టాన్ని పూడ్చలేవు. మంత్రి తుర్గో 1776లో వైన్ వర్తకానికి స్వేచ్ఛనిస్తూ శాసనం చేసేదాకా ఈ అడ్డంకులు అనేక శతాబ్దాలు కొనసాగాయి.

స్వేచ్ఛ వచ్చినా సుఖం నిలవలేదు. 19వ శతాబ్దం రెండో భాగంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా పురుగు ద్రాక్షతోటల వేళ్ళను తినేసింది. 1956 ఫిబ్రవరిలో తీవ్రమైన మంచు మిగిలిన తోటలను చంపింది. రైతులు తిరిగి నాటారు. 1971లో కావోర్ వైన్‌కు ప్రాంతీయ గుర్తింపు హక్కు లభించింది. ఆ పేరుతో అమ్మే వైన్‌లో కనీసం 70 శాతం మాల్బెక్ ద్రాక్ష ఉండాలి.

6. భోజనం బల్ల మీద చరిత్ర

ఆహారాన్ని కూడా ఇదే విధంగా పరిశీలించండి. బాతు మాంసాన్ని దాని కొవ్వులోనే వండి నిలవచేసే కోన్ఫీ, చలికాలం గడవడానికి ఇళ్ళలో పాటించిన పద్ధతి. కానీ నేడు ఇక్కడి బాతులను మేపే మొక్కజొన్న అమెరికా ఖండపు పంట. అది 1492కు ముందు ఐరోపాలో లేదు. ట్రఫుల్స్ అడవిలో ఎప్పటినుంచో దొరికేవి. అయితే ఫిలాక్సెరాతో పాడైన ద్రాక్షభూముల్లో ఓక్ చెట్లు నాటడం వల్లనే వాటి సాగు విస్తరించింది. ఒక పంట నాశనం మరో పంటకు చోటిచ్చింది. కాబట్టి 'మధ్యయుగపు భోజనం' అని వడ్డించే పళ్ళెంలో కనీసం మూడు వేర్వేరు శతాబ్దాలు ఉంటాయి.

7. సారాంశం

నది కావోర్‌కు రక్షణను, వర్తకాన్ని ఇచ్చింది; కానీ నదీముఖాన్ని పాలించినవారు ఆ లాభాన్ని పరిమితం చేశారు. చర్చి నిషేధించిన అప్పుల వ్యాపారం ఊరికి ధనాన్నీ, చెడ్డపేరునూ తెచ్చింది. 'సంప్రదాయం' అని చెప్పే ప్రతిదానికీ ఒక తేదీ, ఒక కారణం ఉంటాయి. మీ ఊరి పాత వంతెన, గుడి, సంత దగ్గర నిలబడినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు వేయండి. జవాబు వెంటనే దొరకకపోవచ్చు. ప్రశ్న సరైనదైతే చరిత్ర అధ్యయనం అప్పటికే మొదలైనట్లు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కావోర్ భౌగోళిక స్థితి దాని అభివృద్ధికి ఎలా తోడ్పడింది? దాని పరిమితి ఏమిటి?
2. వాలాంత్రే వంతెన ఐతిహ్యాన్ని చరిత్రకారుడు ఏ విధంగా ఉపయోగించవచ్చు?
3. బోర్డో ప్రత్యేక హక్కులు ఎగువ ప్రాంత రైతులపై చూపిన ప్రభావాన్ని వివరించండి.