నాలుగు క్యాసెట్లు, ఒక అప్పగింతల పాట: హెచ్‌డీ కెమెరాల కథ

పగలంతా నేను బ్యాంకుల సాఫ్ట్‌వేర్ చూసుకునే కన్సల్టెంటుని. కెమెరాలు నా వృత్తి కాదు. అయినా ఈవేళ ప్రొఫెషనల్ హెచ్‌డీ వీడియో కెమెరాల గురించీ, అవి బొమ్మని దాచుకున్న రకరకాల పద్ధతుల గురించీ, అంటే రికార్డింగ్ ఫార్మాట్ల గురించీ కాసేపు మాట్లాడతాను. అందుకు కారణం మా నాయనమ్మ.

2009లో తెనాలిలో మా అక్క పెళ్లి జరిగింది. అప్పగింతలప్పుడు నాయనమ్మ పాట ఎత్తుకుంది. తన తల్లి దగ్గర నేర్చుకున్న పాట, ఎక్కడా రాసి పెట్టుకున్నది కాదు. రెండు నెలలకి పెళ్లి డీవీడీ వచ్చింది. తీరా చూస్తే నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి, వినపడేది మాత్రం సినిమా పాట! వీడియో తీసినాయన అసలు శబ్దం తీసేసి పైన సినిమా పాట అతికించాడు. పాపం, అందరి పెళ్లిళ్లకీ చేసే అలంకారమే మాకూ చేశాడు. అప్పుడు నవ్వుకున్నాం. 2013లో నాయనమ్మ పోయాక ఎవరికీ నవ్వు రాలేదు.

మిగిలిన ఆశల్లా నాలుగు క్యాసెట్లు. ఆ రోజుల్లో పెళ్లిళ్ల వీడియోవాళ్లు క్యాసెట్లు ఒక పెళ్లి మీద ఇంకో పెళ్లి రికార్డు చేసుకుంటూ వాడుకునేవాళ్లు. మా నాన్న మాత్రం “క్యాసెట్లకి విడిగా లెక్క వేశావు కదయ్యా, అయితే అవి మావే” అని పట్టుబట్టి తీసుకున్నాడు. అవి బీరువాలో కలరా ఉండల మధ్య పదమూడేళ్లు పడున్నాయి. 2022లో అమ్మ న్యూజెర్సీ వస్తూ ఆవకాయ సీసాల పక్కన వాటినీ సర్దుకొచ్చింది. క్యాసెట్ల మీద పెన్నుతో “హెచ్‌డీవీ” అని రాసుంది. ఆ మూడక్షరాల అర్థం వెతుక్కుంటూ పోతే తెలిసిన కథే ఇప్పుడు చెప్పబోయేది.

కథ జపాన్‌లో మొదలవుతుంది. 1964 టోక్యో ఒలింపిక్స్ అయ్యాక, అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే తరవాతి తరం టెలివిజన్ ఎలా ఉండాలా అని పరిశోధన మొదలుపెట్టింది. అప్పటి అమెరికా, జపాన్ టీవీల్లో బొమ్మ 525 గీతలతో ఏర్పడేది, మన దేశంలో 625 గీతలతో. ఎన్‌హెచ్‌కే వాళ్లు 1125 గీతలు పెట్టారు. 1981లో ఆ బొమ్మని అమెరికా తెచ్చి ఇక్కడి ఇంజనీర్లకి చూపించారు. 1984లో సోనీ కంపెనీ హెచ్‌డీవీఎస్ పేరుతో కెమెరా, రికార్డరు, మానిటరు అన్నీ కలిసిన సరంజామా బయటపెట్టింది. 1987లో “జూలియా అండ్ జూలియా” అనే ఇటాలియన్ సినిమాని దాంతోనే తీసి ఆ తరవాత ఫిల్ము మీదకి ఎక్కించారు. అయితే అదంతా అనలాగ్. పెద్ద స్టూడియోలకి తప్ప ఇంకెవరికీ అందేది కాదు.

డిజిటల్ వచ్చాక అసలు చిక్కు బయటపడింది. హెచ్‌డీ బొమ్మని ఏమీ కుదించకుండా వైరులో పంపాలంటే సెకనుకి దాదాపు 1485 మెగాబిట్లు కావాలి. అంత వేగాన్ని మోసుకు తిరగగలిగే టేపులో రాయడం అప్పట్లో కుదిరే పని కాదు. కాబట్టి ఏదో ఒకటి పారెయ్యాలి. ఏది పారెయ్యాలి, ఎంత పారెయ్యాలి అన్నదే ఫార్మాట్ల చరిత్ర అంతా.

1997లో సోనీ తెచ్చిన హెచ్‌డీక్యామ్ ఏం చేసిందో చూడండి. అడ్డంగా 1920 చుక్కలు ఉండాల్సిన చోట 1440 మాత్రమే దాచుకుంది. మన కన్ను వెలుగునీడల్లో తేడాని పట్టినంత బాగా రంగుల్లో తేడాని పట్టలేదు కనక రంగుల సమాచారాన్ని ఇంకా తగ్గించింది. మిగిలినదాన్ని సెకనుకి సుమారు 140 మెగాబిట్లకి కుదించి అర అంగుళం టేపు మీద రాసింది. అంటే అసలులో పదో వంతు! 2000లో వచ్చిన సోనీ ఎఫ్‌900 కెమెరా ఇదే టేపు మీద, సినిమాలాగే సెకనుకి 24 ఫ్రేములు తీసేది. జార్జ్ లూకాస్ 2002లో విడుదల చేసిన “స్టార్ వార్స్” సినిమాని దాంతోనే తీశాడు. సరంజామా అంతా కలిపి లక్ష డాలర్ల మాట.

పానాసోనిక్ దారి వేరు. వాళ్ల డీవీసీప్రో హెచ్‌డీ సెకనుకి 100 మెగాబిట్లు రాసేది. హెచ్‌డీక్యామ్ కంటే తక్కువే, దానిలాగే ప్రతి ఫ్రేమునీ దేనికదే విడిగా దాచేది. వాళ్ల వారిక్యామ్ కెమెరాలో సెకనుకి 4 నుంచి 60 ఫ్రేముల దాకా మార్చుకోవచ్చు. అందుకే స్లో మోషన్ కావలసినవాళ్లు దాన్ని ఇష్టపడేవాళ్లు.

ఇవన్నీ గొప్పవాళ్ల కెమెరాలు. మామూలు వీడియోవాడి దాకా హెచ్‌డీని తెచ్చింది హెచ్‌డీవీ. 2003లో కెనన్, షార్ప్, సోనీ, జేవీసీ కలిసి ఈ ఫార్మాటుని ప్రకటించాయి. ఇందులో తెలివంతా ఒక్కచోటే ఉంది. 1995 నుంచీ వాడుకలో ఉన్న మినీ డీవీ క్యాసెట్టు సెకనుకి 25 మెగాబిట్లు రాస్తుంది. అదే క్యాసెట్టు, అదే వేగం, అదే గంట నిడివి. లోపల మాత్రం హెచ్‌డీ బొమ్మ. అంటే అసలులో అరవయ్యో వంతు! 2004లో సోనీ ఎఫ్‌ఎక్స్1 నాలుగు వేల డాలర్లలోపు, 2005లో దాని ప్రొఫెషనల్ అన్న జెడ్1 ఆరు వేల లోపు వచ్చాయి. లక్ష ఎక్కడ, ఆరు వేలు ఎక్కడ!

అరవయ్యో వంతుకి ఎలా కుదించారంటారా? మన పచారీ కొట్టు ఖాతా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. మొదటి రోజు మొత్తం బాకీ రాస్తారు. ఆ తరవాత రోజూ “ఈవేళ ఇంత పెరిగింది, ఇంత తగ్గింది” అని తేడా మాత్రమే రాస్తారు. హెచ్‌డీవీ కూడా అంతే. ఒక పూర్తి ఫ్రేము, ఆపైన తేడాలు. మన దేశపు పద్ధతిలో 12 ఫ్రేములకి ఒకసారి, అంటే దాదాపు అర సెకనుకి ఒకసారి, పూర్తి లెక్క వస్తుంది. బాగానే ఉంది గానీ, మధ్యలో ఒక కాగితం చిరిగితే మళ్లీ పూర్తి లెక్క వచ్చేదాకా అంతా అయోమయమే. టేపు మీద ఒక్క ధూళి కణం అడ్డొస్తే చాలు, అర సెకను బొమ్మ బిగుసుకుపోతుంది, శబ్దం కూడా ఆగిపోతుంది. ఈ అర సెకను సంగతి గుర్తుపెట్టుకోండి.

2005 చివర్లో పానాసోనిక్ హెచ్‌వీఎక్స్200 వచ్చింది. ఇది కూడా ఆరు వేల డాలర్ల వర్గందే, కానీ హెచ్‌డీకి టేపు లేదు. పీ2 అనే కార్డు మీద డీవీసీప్రో హెచ్‌డీ రాసేది. ఇక్కడ ప్రతి పేజీలోనూ పూర్తి బాకీ రాసే ఖాతా అన్నమాట. రంగు కూడా రెట్టింపు దాచేది. హెచ్‌డీవీలో ఎర్ర పట్టుచీర అంచు పళ్లు పళ్లుగా కనపడితే, ఇందులో శుభ్రంగా ఉండేది. శబ్దాన్ని కుదించేదే కాదు. ఈ రెంటిలో ఏది మేలు అని ఆ రోజుల్లో వీడియోవాళ్లు నెలల తరబడి వాదించుకున్నారు. తమాషా ఏమిటంటే డబ్బా మీద 1080 అని ఉన్నా రెంటి సెన్సార్లలోనూ అడ్డంగా 960 చుక్కలే. పూర్తిగా 1920 చుక్కలున్న సెన్సార్లతో ఆ తరహా చిన్న కెమెరా, సోనీ ఈఎక్స్1, 2007లో గానీ రాలేదు.

అయితే ఆ వాదనల్లో ఒక అంకె మీద నాకు చూపు ఆగింది. హెచ్‌వీఎక్స్200లో 8 జీబీ కార్డు పూర్తి వేగంతో తీస్తే ఎనిమిది నిమిషాలకి నిండిపోయేది. మా అక్క పెళ్లి నాలుగు గంటలు అలా తీయాలంటే ముప్పై కార్డులు కావాలి. కార్డుల ఖరీదు చూస్తే రెండో మూడో మించి ఎవరూ కొనలేరు. కాబట్టి కార్డు నిండగానే హార్డ్‌డిస్కుకి కాపీ చెయ్యడం, చెరపడం, మళ్లీ వాడటం. క్యాసెట్టు అలా కాదు, కొద్ది డాలర్లది. మూత మీద పేరు రాసి అటక మీద పడేస్తే అదే అసలు ప్రతి. కార్డు వచ్చాక అసలు ప్రతి అనేదే లేకుండా పోయింది. ఉన్నదల్లా కాపీయే. ఆ కాపీని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని డిస్కు నుంచి డిస్కుకి మోసుకుపోతే ఉంటుంది, లేకపోతే లేదు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక తెలుగు సంఘం ఉగాది నాటకాన్ని ఇలాగే కార్డుల మీద తీశారు. కార్డులు చెరిపేశారు, డిస్కు చెడిపోయింది. నాటకం ఆడినవాళ్ల దగ్గర ఫొటోలు తప్ప ఏమీ లేవు.

ఆ తరవాతి కథ త్వరగా చెప్పేస్తాను. 2006లో ఏవీసీహెచ్‌డీ వచ్చింది. 2008లో కెనన్ 5డీ మార్క్ 2 వచ్చి పెళ్లి వీడియోల రూపురేఖలే మార్చేసింది. 2011 మార్చి 11న జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు సెందాయ్ దగ్గరి సోనీ టేపుల కర్మాగారం మునిగింది. స్టూడియోలు వాడే హెచ్‌డీక్యామ్ ఎస్‌ఆర్ టేపులకి ప్రపంచమంతా కరువొచ్చింది. ఎలాగూ కార్డుల వైపు నడుస్తున్నవాళ్లు ఆ దెబ్బతో పరుగెత్తారు.

మళ్లీ మా క్యాసెట్ల దగ్గరికి వద్దాం. క్యాసెట్టు ఉంటే చాలదు, దాన్ని చదివే యంత్రం ఉండాలి. మనవి సెకనుకి 50 ఫీల్డుల పద్ధతివి. అమెరికాలో అమ్మిన హెచ్‌డీవీ కెమెరాలు చాలావరకు 60 లెక్కవి, అవి మన క్యాసెట్టుని చదవవు. రెండూ చదివేది జెడ్1. వెతగ్గా వెతగ్గా సెకండ్ హ్యాండులో ఒకటి దొరికింది. దాన్ని కంప్యూటరుకి కలపడానికి ఫైర్‌వైర్ కావాలి. ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్లలో ఆ రంధ్రం పెట్టడం ఎప్పుడో మానేసింది. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్‌ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు కూడా తీసేశారు. నేను 2012 నాటి ల్యాప్‌టాప్‌ని అటక మీంచి దింపి పని కానిచ్చాను. నాలుగు క్యాసెట్లూ కలిపి సుమారు 45 జీబీ అయ్యాయి. ఈవేళ గోరంత కార్డులో పట్టేస్తాయి.

శ్రోతల్లో చాలామంది ఇళ్లల్లో, ఇక్కడో ఊళ్లోనో, ఇలాంటి క్యాసెట్లు ఉండే ఉంటాయి. దయచేసి ఈ ఏడాదే బయటికి తీయండి. ముందు ఏ దేశపు పద్ధతిదో చూసుకోండి. పక్కనుండే మీట “సేవ్” వైపు జరిపి ఉంచండి, పొరపాటున పైన రికార్డు అవదు. ఫైర్‌వైర్ ద్వారా తీసుకుంటే టేపు మీద ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆ ఫైలుని మళ్లీ కుదించకుండా అలాగే దాచండి, చూసుకోవడానికి వేరే చిన్న కాపీ చేసుకోండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఊళ్లో తమ్ముడి దగ్గరో చెల్లెలి దగ్గరో ఉంచండి. అంతా అయ్యాక కూడా క్యాసెట్టు పారెయ్యొద్దు.

మూడో క్యాసెట్టులో నలభయ్యో నిమిషం దగ్గర నాయనమ్మ దొరికింది. సినిమా పాట లేదు. వెనక ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు, వంటవాళ్లు గిన్నెలు సర్దుతున్నారు, వాటి మధ్యలోంచి ఆవిడ గొంతు. పక్కనే కూర్చున్న అమ్మ కదలకుండా వింది. రెండో చరణంలో నేనిందాక చెప్పిన ధూళి కణం అడ్డొచ్చింది. బొమ్మ బిగుసుకుపోయి శబ్దం ఆగింది, ఒక్క అర సెకను. ఆ ఖాళీలో పడాల్సిన మాటని అమ్మ గభాలున అందుకుని పాడేసింది. తనకి ఆ పాట వచ్చని నాకు అంతవరకూ తెలియదు.

ఆ మర్నాడు అమ్మ చేత మొత్తం పాట పాడించి, ఫోనులో రికార్డు చేసి, నాయనమ్మ ఫైలు పక్కనే పెట్టాను. మీరూ మీ క్యాసెట్ల సంగతి చూడండి. ఉంటాను మరి, సెలవు.