సెలవు లెక్కలు, పిల్లల లెక్కలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగితే, మైలవరం జమీందార్ల గురించి రాద్దామని కూర్చున్నాను. ఇంతలో మా మనవరాలు వచ్చి, "తాతయ్యా, నాన్నను చిన్నప్పుడు నువ్వు వారానికి ఎన్ని గంటలు చూసుకునేవాడివి?" అని అడిగింది. స్కూల్లో ఏదో ప్రాజెక్టట. ముప్ఫై అయిదేళ్లు బిల్లులు కూడిన చేయి కదా, జమీందార్లను పక్కనపెట్టి ఆ లెక్కే మొదలుపెట్టాను.

నేను 1973లో సర్వీసులో చేరాను. ఆఫీసు విజయవాడలో, కాపురం మైలవరంలో. ఉదయం ఏడున్నరకు బస్సెక్కితే జి.కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లి, తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. రెండో శనివారం తప్పిస్తే వారానికి ఆరు రోజులూ ఇదే వరస. 1977లో పుట్టిన మా పెద్దవాడు అప్పటికే నిద్రపోయేవాడు. ఆదివారం క్షవరం, వెచ్చాలు, యూనియన్ మీటింగు పోగా మిగిలింది వాడిది.

ఆ రోజుల్లో తండ్రికంటూ ప్రత్యేకం సెలవు లేదు. మన రాష్ట్ర ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు 2005లో వచ్చింది. నాలుగు నెలలుగా ఉన్న ప్రసూతి సెలవు 2010లో 180 రోజులైంది. పిల్లల సంరక్షణ సెలవు మహిళా ఉద్యోగులకు 2016లో 60 రోజులుగా వచ్చి, 2022లో 180 రోజులకు పెరిగింది. ఈ జీవోల వెనుక ఎన్ని వినతిపత్రాలున్నాయో సంఘంలో తిరిగినవారికి తెలుసు.

అయితే సెలవు లేకపోవడం ఒక్కటే కారణమని రాస్తే అబద్ధమవుతుంది. సంపాదిత సెలవు నాకూ ఉండేది. దాన్ని సరెండరు చేసి డబ్బు తీసుకున్నాను, మిగిలింది కూడబెట్టాను. 2008లో రిటైరయినప్పుడు పూర్తి 300 రోజులకూ డబ్బు చేతికొచ్చిందని సన్మాన సభలో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఒక మార్చి నెలాఖరున బిల్లులు ట్రెజరీకి పంపే హడావిడిలో ఉన్నాను. పెద్దవాడికి జ్వరం ఎక్కువై మా ఆవిడ ఒక్కతే వాణ్ణి ఎత్తుకుని బస్సులో విజయవాడ వచ్చి, డాక్టరుకు చూపించి, మా ఆఫీసు ముందు నుంచే వెనక్కి వెళ్లిపోయింది. సంగతి నాకు రాత్రి తెలిసింది. "మార్చి కదా అని పిలవలేదు" అంది. ఆవిడకూ మా అమ్మకూ మస్టరు లేదు, కాబట్టి వాళ్ల గంటలు ఏ రిజిస్టరులోనూ లేవు.

మా వైపు మామిడి తోటల్లో కూలికి వెళ్లే తల్లులు చంటిబిడ్డను కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెట్టేవారు. ఊపడానికి పెద్దపిల్ల ఉండేది. ఆ పిల్లకు బడి లేదు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీల రూపంలో ఊరూరికీ చేరడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇంటి పని గంటలను మన ప్రభుత్వం లెక్కించడం 1998-99లో మొదలైంది. ఆ ప్రయోగాత్మక సర్వే ఆరు రాష్ట్రాల్లో జరిగింది, అందులో మనది లేదు. దేశమంతటా మొదటిసారి 2019లో, మళ్లీ 2024లో చేశారు. 2024 లెక్కలో 15-59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ చేశారు, రోజుకు సుమారు 140 నిమిషాలు. పురుషుల్లో 21.4 శాతం మంది, 74 నిమిషాలు. ఇందులో పిల్లలతోపాటు మనలాంటి ముసలివాళ్లను చూసుకోవడమూ కలిసి ఉంది. వారానికి కడితే ఆడవారికి 16 గంటల పైన, మగవారికి 8 గంటల పైన.

ఇక నా లెక్క. పనిరోజు ఇరవై నిమిషాల చొప్పున ఆరు రోజులకు 2 గంటలు, ఆదివారం 3, వెరసి 5 గంటలు. కాగితం మనవరాలి చేతికిచ్చాను. అది వంటింట్లోకి తీసుకెళ్లి గట్టిగా చదివింది.

"అందులో వాడు నిద్రపోయిన టైము తీసేశారా అండీ?" అని లోపలి నుంచి అడిగింది మా ఆవిడ.